అత్తయ్య కట్టేసిన స్విచ్చు

చెల్లీ, మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. క్యాబ్‌లో ఉన్నాను, పక్క సీట్లో కొత్తగా చేరిన పిల్ల తల వాల్చేసి నిద్రపోతోంది. "అక్కా, నల్లగండ్ల ఫ్లాట్‌లో గీజర్‌ని వైఫైకి కలుపుకుందామనుకుంటున్నాం, మీది ఎలా ఉంది?" అన్నావు. బాగానే ఉందంటే అబద్ధం కాదు. తలనొప్పి అన్నా అబద్ధం కాదు. ఇవాళ ఆఫీసుకి కాస్త ముందే వచ్చి క్యాంటీన్‌లో కూర్చున్నాను కాబట్టి తీరుబడిగా చెబుతా. నువ్వూ టీ కలుపుకో. ఇది రెండు ముక్కల్లో తేలే ముచ్చట కాదు.

నాది అమెరికా షిఫ్టు కదా. ఆఫీసు రాయదుర్గంలో, ఇల్లు కొండాపూర్‌లో. సాయంత్రాలు ముక్కుతూ మూలుగుతూ ముప్పావుగంట తినేసే దారి, తెల్లవారుజామున నాలుగింటికి పావుగంటలో అయిపోతుంది. 2023 కొత్త సంవత్సరం రోజున కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచాక ఆ వేళలో క్యాబ్ ఎక్కడా ఆగనే ఆగదు. ఇంటికొచ్చాక ఒంటిమీద నాలుగు చెంబుల వేన్నీళ్ళు పడితే తప్ప ఆఫీసు ఏసీ చలి ఎముకల్లోంచి దిగదు నాకు. సంక్రాంతి ముందు నెల్లాళ్ళూ శేరిలింగంపల్లి వైపు చలి ఎలా ఉంటుందో ఈ ఏడు నీకూ తెలిసొస్తుందిలే.

గీజర్ వేసి, నీళ్ళు కాగేదాకా సోఫాలో నడుం వాలుస్తాననుకుంటే చెప్పులైనా విప్పకుండానే నిద్ర పట్టేసేది. మెలకువ వచ్చేసరికి ఏడు. గీజర్ కట్టేసి ఉండేది, నా మీద దుప్పటి కప్పి ఉండేది. రెండూ అత్తయ్య చేసిన పనులే. డెబ్బై దాటిన మనిషిని మూడున్నరకి లేపి "గీజర్ వెయ్యండి" అని ఫోన్ చేయడానికి నోరెలా వస్తుంది చెప్పు. "పోనీ రాత్రి పడుకునే ముందే వేసి వదిలేస్తా" అంటారు ఆవిడ. రాత్రంతా గీజర్ వెలుగుతూ ఉంటే నాకు ఆఫీసులో పని సాగదు.

మీ బావగారి సంగతి నీకు తెలుసుగా. ఇంట్లో పప్పు మాడినా ముందు దానికో యాప్ ఉందేమోనని వెతికే మనిషి. "ఇంత చిన్న విషయానికి ఇంత బాధ ఎందుకు, ఒక స్మార్ట్ ప్లగ్గు పెడితే ఆఫీసు లిఫ్టులోంచే వేసుకోవచ్చు" అని ఆ రాత్రే ఆర్డర్ పెట్టేశారు.

అక్కడ మొదటి తప్పు జరిగింది. ఆయన తెప్పించింది 10 ఆంపుల ప్లగ్గు. లెక్క వేసి చూపించారు కూడా: మన గీజర్ 2000 వాట్లు, 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపులు, పదిలోపే కదా అని. సన్నపిన్నుల ప్లగ్గులోకి గీజర్ లావుపిన్నులు దూరవుగా, మధ్యలో ఒక కన్వర్టర్ ఇరికించారు. మూడో రోజుకి బాత్రూం గుమ్మం దగ్గర కాలిన బేకలైటు వాసన. తీసి చూస్తే కన్వర్టర్ నోరు చుట్టూ గోధుమరంగు మచ్చ, అట్టు అంచు మాడినట్టు.

కింద వాచ్‌మన్‌ని అడిగితే ఎలక్ట్రీషియన్‌ని పంపాడు. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లాడికి. ప్లగ్గు చేతిలో అటూ ఇటూ తిప్పి, మీ బావగారి లెక్కంతా శ్రద్ధగా విని, "లెక్క కరెక్టే సార్, గని ప్లగ్గుకు లెక్కలు రావు గదా. ఇరవై నిమిషాలు ఆపకుంట లోడు గుంజితే లోపల వేడెక్కి కరుగుతది. 16 ఆంపులది తేండి, నడుమల గిదేం పెట్టకుండ్రి" అన్నాడు. ఫోన్ ఛార్జర్‌కీ టేబుల్ ల్యాంపుకీ ఏ ప్లగ్గయినా చాలు. నీళ్ళు కాచేది, ఇస్త్రీ చేసేది, గది వెచ్చజేసేది అయితే లావుపిన్నుల 16 ఆంపులదే, అదీ ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదే. వంటింట్లో సింకు పైన పెట్టుకుంటారు చూడు చిన్న ఇన్‌స్టంట్ గీజర్, అది ఇంకా ఆకలిగొట్టుది. చూడ్డానికి బుజ్జిగా మూడు లీటర్లే, లాగేది 3000 వాట్లు, అంటే 13 ఆంపులు.

కొత్త ప్లగ్గు వచ్చాక వైఫై నాటకం మొదలైంది. ప్లగ్గు మీద బొత్తాం ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే నీలం లైటు టపటపా కొట్టుకుంటుంది, యాప్ దాన్ని వెతుక్కోవాలి. వెతుకుతుంది, వెతుకుతుంది, దొరకలేదంటుంది. ఆయన బాత్రూం బయట స్టూలేసుకుని గంటసేపు. ఇంటర్నెట్ కంపెనీ వాడు పెట్టిన రౌటర్ రెండు రకాల అలల మీద వైఫై ఇస్తుందట, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఇంకొకటి. రెంటికీ పేరు ఒకటే పెట్టి ఉంచాడు. ఫోన్ వేగం కోసం ఐదుని పట్టుకుంటుంది. ఈ ప్లగ్గుల్లో చాలావాటికి 2.4 తప్ప వినపడదు. ఒకరు పెరట్లో, ఒకరు వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టు. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రెంటికీ వేరువేరు పేర్లు పెట్టి, ఫోన్‌ని 2.4కి మార్చుకుంటే ఆ బుల్లి లైటు ఒక్కసారి నిలిచింది. 2.4 కాస్త నిదానమే కానీ గోడలు బాగా దాటుతుంది, టైల్స్ వేసిన బాత్రూం గోడ అవతల ప్లగ్గుకి కావలసింది అదే. మీ ఇంట్లో చేసేటప్పుడు మరిదిగారికి ఈ ఒక్క ముక్క చెప్పు, గంట మిగులుతుంది.

మొదటి తెల్లవారుజాము మాత్రం ఎంత ముచ్చటగా ఉందో! పనులు సర్దుకుంటూ నాలుగింటికి ఫోన్‌లో వేలు ఆనించాను. 15 లీటర్ల నీళ్ళు 22 డిగ్రీల నుంచి 60కి కాగడానికి 2000 వాట్ల గీజర్‌కి ఇరవై నిమిషాలు చాలు. లిఫ్టు దిగి, క్యాబ్ ఎక్కి, ఇంటి తాళం తీసేసరికి నీళ్ళు సిద్ధం. గీజర్‌లో నీళ్ళు కాగుతుంటే సన్నగా వినిపించే ఆ 'స్స్' చప్పుడు విన్నావా ఎప్పుడైనా? నాకు మన ఊళ్ళో పెరట్లో రాగి బాయిలర్ గుర్తొచ్చింది.

నీకు అంత బాగా గుర్తుండకపోవచ్చు, చిన్నదానివి. నడుమ నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్ళు. అమ్మ కొబ్బరి డొక్కలు వేసి రాజేసేది. పైన గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే, పక్క గొట్టంలోంచి ఒక చెంబు వేన్నీళ్ళు వచ్చేవి. పోస్తే గానీ వచ్చేవి కావు. నాన్న మనల్ని పిలిచి అదేదో మాయలాగా చూపించేవారు. ఇప్పుడు ఈ ఎలక్ట్రీషియన్ పిల్లాడు చెబితే తెలిసింది, గీజర్ చేసేదీ అదేనట. కుళాయి తిప్పితే చన్నీళ్ళు అడుగునుంచి లోపలికి తోసుకొస్తాయి, వేన్నీళ్ళు పైనుంచి బయటికి పోతాయి. కొబ్బరి డొక్క బదులు కాయిల్, అంతే తేడా. అన్నట్టు గీజర్ అనే పేరు ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గది. 1868లో లండన్‌లో మౌఘన్ అనే ఒక పెయింటర్ గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం చేసి దానికి ఆ పేరు తగిలించాడు. అది మన బాత్రూంలో అటక కింద స్థిరపడిపోయింది.

ముచ్చట వారం రోజులే. ఎనిమిదో రోజు నాలుగింటికి ఫోన్ తీస్తే 'ఆఫ్‌లైన్' అని ఉంది. ఇంటికొచ్చి చూస్తే గోడ మీద స్విచ్చు కట్టేసి ఉంది. మర్నాడూ అంతే. ప్లగ్గుకి ప్రాణం ఆ గోడ స్విచ్చు నుంచే కదా వచ్చేది. అది కట్టేస్తే ప్లగ్గుకి కరెంటు లేదు, కరెంటు లేకపోతే వైఫై లేదు, నేను రాయదుర్గంలో కూర్చుని ఎంత నొక్కినా గోడకి చెప్పుకున్నట్టే.

అత్తయ్యకి అది యాభై ఏళ్ళ అలవాటు. స్నానానికి వెళ్ళేముందు గీజర్ కట్టేయాలి, కట్టేశాకే లోపలికి అడుగు పెట్టాలి. నేను నచ్చజెప్పాను. "స్విచ్చు వేసే ఉంచండి అత్తయ్యా, లోపల ప్లగ్గు ఆపుతుంది." సరేనన్నారు. మర్నాడు మళ్ళీ ఆఫ్‌లైన్. చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుందట. నేను స్విచ్చు మీద సెల్లోటేపు అంటించి 'ఆపవద్దు' అని రాసి పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఆఫీసులో సర్వర్ గది మీద అంటించే కాగితంలాగా.

ఆ సాయంత్రం నేను షిఫ్టుకి తయారవుతుంటే ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు. "అమ్మాయ్, ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకు. నేను లోపల నీళ్ళు పోసుకుంటున్నాననుకో. నువ్వు అక్కడెక్కడో ఉండి, అది తెలియక, ఫోన్‌లో వేసేశావనుకో. అప్పుడు?"

జవాబు నా దగ్గర లేదు. నేనే కాదు, ఆ యాప్ ఆయన ఫోన్‌లో ఉంది, మా బాబు ట్యాబ్‌లో ఉంది, న్యూజెర్సీలో వదిన ఫోన్‌లో కూడా ఉంది, "అమ్మ గీజర్ నేను వేస్తా" అని సరదాపడి పెట్టించుకుంది. నలుగురం నాలుగు చోట్ల నుంచి వేయగలం. లోపల మనిషి ఉందో లేదో ఒక్కరికీ కనపడదు. అత్తయ్య భయం ఊరికే పుట్టింది కాదు. ఆవిడ వాళ్ళ ఊళ్ళో ఒకావిడ బకెట్లో నీళ్ళు కాచే రాడ్డు పెట్టి, ఆపానులే అనుకుని నీళ్ళలో చెయ్యి పెట్టిందట. ఆపింది పక్క స్విచ్చు. అత్తయ్య అప్పుడు కొత్త కోడలు. ఆ సంగతి ఆ రోజు దాకా నాకెప్పుడూ చెప్పలేదు.

వెంటనే ఆ టేపు పీకేశాను. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని మళ్ళీ పిలిచి ఎర్తింగ్ చూడమన్నాను. గీజర్ పాయింటు డబ్బా విప్పాడు. మూడు కన్నాల సాకెట్టు, పై కన్నం లావుగా బుద్ధిగా ఉంది. వెనక మాత్రం దానికి తీగే లేదు. ఆకుపచ్చ తీగ గోడ గొట్టంలో ముడుచుకుని కూర్చుంది, చివర ఎవరూ ఒలవను కూడా లేదు. "గిది షోకు కోసం పెట్టిన్రు అక్కా" అన్నాడు. ఐదేళ్ళుగా ఆ గీజర్ కింద నేను నీళ్ళు పోసుకుంటున్నాను. మా బాబు పోసుకుంటున్నాడు. కట్టినవాళ్ళని తిట్టుకున్నా ఏం లాభం, తీగ కలిపించాను, టెస్టర్ పెట్టి చూపించమన్నాను.

అప్పుడే ఇంకోటి కూడా తెలిసింది. మెయిన్ బోర్డులో ఎంసీబీలు వరసగా ఉంటాయి కదా, అవి ఎక్కువ లోడు పడితే పడిపోతాయి గానీ మనిషికి షాకు కొడితే వాటికి పట్టదు. దానికి ఆర్‌సీసీబీ అని వేరే ఉంటుంది, 30 మిల్లీ ఆంపులది. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూస్తూ ఉంటుంది, ఆ పాటి తేడా వస్తే కన్నుమూసి తెరిచేలోపు కట్టేస్తుంది. దాని మీద 'టి' అని చిన్న బొత్తాం ఉంటుంది. నొక్కితే ఇల్లంతా చీకటైపోవాలి. మీ ఇంట్లో ఇవాళే నొక్కి చూడు చెల్లీ, కాకపోతే మరిదిగారు మీటింగులో లేనప్పుడు. చీకటి కాకపోతే, వైఫై ప్లగ్గు ముచ్చట పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలువు.

రాడ్డుని మాత్రం కలలో కూడా వైఫైకి కలపకు. హాస్టళ్ళలో, పీజీల్లో పిల్లలు ఆ పని చేస్తున్నారని మా టీంలో అమ్మాయే చెప్పింది. గీజర్‌కి లోపల తన కాపలా తనకుంది, వేడి చాలనగానే ఆపే థర్మోస్టాట్, అది పాడైతే అడ్డుపడే కటౌట్, ఒత్తిడి పెరిగితే వదిలేసే సేఫ్టీ వాల్వు. రాడ్డుకి ఎవరూ లేరు. బకెట్లో నీళ్ళు తగ్గితే కాలిపోవడమే దానికి తెలిసింది. గ్యాసు గీజర్ సంగతి ఇంకా వేరు. అందులో మంట ఉంటుంది, గాలి ఆడని బాత్రూంలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. దానికి ప్లగ్గు కంటే కిటికీ ముఖ్యం.

మంట అంటే గుర్తొచ్చింది. నిజానికి ఈ దూరం నుంచి వేసుకునే సరదా మనకంటే చలిదేశాల వాళ్ళకి ఎక్కువ అవసరం. అక్కడ పెల్లెట్ పొయ్యిలని ఉంటాయి, ఇటలీలో మరీ ఎక్కువ. రంపంపొట్టుని ఒత్తి చిన్న మాత్రల్లా చేస్తారు, వాటిని ఒక మర తిప్పుకుంటూ కొద్దికొద్దిగా మంటలోకి వేస్తుంది. మన ఊళ్ళల్లో పొట్టు పొయ్యి ఉండేది చూడు, దానికి కరెంటు మోటారు బిగించినట్టు. దాన్ని ఫోన్‌కి కలుపుకోవాలని అందరికీ ఆశే, కానీ మన గీజర్‌కి పెట్టినట్టు మామూలు స్మార్ట్ ప్లగ్గు పెట్టకూడదు. గీజర్‌కి కరెంటు తీసేస్తే అక్కడితో ఆగిపోతుంది. పెల్లెట్ పొయ్యికి తీసేస్తే పొగని బయటికి తోసే ఫ్యాను ఆగుతుంది, లోపల నిప్పు ఆగదు! పొగంతా ఇంట్లోకే. అది ఆరాలంటే దాని పద్ధతిలో అది నెమ్మదిగా మాత్రలు మానేసి, ఫ్యాను తిప్పుతూ చల్లబడాలి. అందుకని పొయ్యి చేసినవాళ్ళే ఇచ్చే వైఫై ముక్కనో, దాని థర్మోస్టాట్ తీగలనో పట్టుకోవాలి. అమ్మ బాయిలర్‌లో నిప్పు ఆర్పడానికి ఎంత తతంగం చేసేదో గుర్తుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది.

న్యూజెర్సీలో వదినా వాళ్ళింట్లో పెల్లెట్లు లేవు, బేస్‌మెంట్‌లో గ్యాసు ఫర్నేస్, హాల్లో గోడకి వైఫై థర్మోస్టాట్. అత్తయ్య ఒక శీతాకాలం అక్కడున్నారు. అందరూ ఆఫీసులకీ స్కూళ్ళకీ పోయాక మేడ మీద గదిలో కూర్చుని విష్ణుసహస్రనామం చదువుకునేవారట. కింద థర్మోస్టాట్ ముందు గంటసేపు ఎవరూ కదలకపోయేసరికి ఇంట్లో మనుషులు లేరని అది నిర్ణయించేసుకుని వేడి తగ్గించేసేది. ఈవిడ శాలువా మీద శాలువా కప్పుకుని, అమెరికా చలి ఇంతే కాబోలు అనుకునేవారు. వదినకి తెలియడానికి పది రోజులు పట్టింది. "గోడకి కూడా నేను ఉన్నట్టు తెలియలేదమ్మా" అని ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. నవ్వుతూనే చెబుతారు గానీ, నాకు ప్రతిసారీ చివుక్కుమంటుంది.

ఇంట్లో సామానుని కంప్యూటర్‌కి కట్టే ఈ పిచ్చి కొత్తది కాదు సుమా. 1982లోనే అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ విభాగంలో కోక్ మెషీన్‌ని నెట్‌వర్క్‌కి కలిపారు. అంత దూరం నడిచి వెళ్తే సీసాలు ఖాళీగా ఉండడమో, అప్పుడే పెట్టినవి వెచ్చగా ఉండడమో జరుగుతోందని. ఏ అరలో సీసా పెట్టి ఎంతసేపయిందో లెక్కపెట్టి, మూడు గంటలు దాటితే చల్లబడిందని చెప్పేది. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు పనిచేసిన యూనివర్సిటీ అదే. ఆయనే తర్వాత 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు, మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకి పాలకమండలి ఛైర్మన్‌గా ఏళ్ళ తరబడి ఉన్నారు. 1990లో జాన్ రామ్‌కీ అనే ఆయన బ్రెడ్డు కాల్చే టోస్టర్‌ని ఇంటర్నెట్ మీదుగా వేసి ఆపి చూపించాడు. లోకమంతా నోరెళ్ళబెట్టింది, బ్రెడ్డు ముక్క మాత్రం ఒక మనిషే వచ్చి పెట్టాలి. దానికో చిన్న క్రేను మరుసటేడు పెట్టారట.

నాకు వీటన్నిటికంటే నచ్చింది మన ట్రిపుల్ ఐటీ వాళ్ళు చేసిన పని. నీళ్ళ మీటర్లు పాతవి, ముళ్ళూ అంకెలూ తిరిగేవి. వాటిని పీకి పారేసి ఖరీదైనవి పెట్టకుండా, ఉన్న మీటర్ మీదే ఒక చిన్న కెమెరా డబ్బా బిగించారు. అది అంకెల్ని ఫోటో తీసి, చదివి, పంపుతుంది. కింద మీటర్ దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది, పైది పాడైనా కిందదానికి ఏమీ కాదు. నాకు కావలసిందీ అదే. అత్తయ్య స్విచ్చు అత్తయ్యదిగా ఉండాలి, నా ఫోన్ దాని మీద కూర్చోవాలి, దాని చోటులో కాదు.

ఎందుకంటే ఈ ఫోన్ సుఖం ఎవరో నడిపే దూరపు కంప్యూటర్ మీద ఆధారపడి ఉంటుంది. నేను రాయదుర్గంలో నొక్కితే ఆ మాట ఏ సింగపూరుకో వెళ్ళి కొండాపూర్‌కి తిరిగొస్తుందేమో! ఆ కంప్యూటర్ కట్టేస్తే? 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికన్ కంపెనీ ముందు చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేసింది, ఎంతోమంది ఇళ్ళల్లో లైట్లు ఫోన్ మాట వినడం మానేశాయి. 2016 జనవరిలో నెస్ట్ థర్మోస్టాట్లకి సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల బ్యాటరీలు అయిపోయి, ఆ చలిలో ఇళ్ళు చల్లబడిపోయాయి. వాళ్ళవే మొదటి రెండు తరాల పాత థర్మోస్టాట్లకి, ఇప్పుడు నెస్ట్‌ని నడిపే గూగుల్ 2025 అక్టోబర్‌తో ఫోన్ సంబంధం తెంపేసింది. గోడ దగ్గరికెళ్ళి చేత్తో తిప్పితే ఇప్పటికీ పనిచేస్తాయి. చేత్తో తిప్పే దారి ఉంది కాబట్టి బతికిపోయారు. మరిదిగారికి ఓపిక ఉంటే హోమ్ అసిస్టెంట్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంట్లోనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది. మీ బావగారికి ఆ ఆశ పుట్టింది, నేను ఇంకా ఒప్పుకోలేదు.

డబ్బు సంగతి అడిగావు. గొప్పగా ఏమీ మిగలదు, ముందే చెబుతున్నా. ఒక్కసారి నీళ్ళు కాగడానికి మూడింట రెండు వంతుల యూనిట్ పోతుంది, ఫోన్‌లో వేసినా చేత్తో వేసినా అంతే. మిగిలేదల్లా మరిచిపోయి వదిలేసిన గంటల్లోనే. గీజర్ మీద ఆ నక్షత్రాలు కూడా చెప్పేది అదే తెలుసా? కాగిన నీళ్ళు ఇరవై నాలుగు గంటలు ఊరికే ఉంటే ఎంత వేడి జారిపోతుందో దాన్ని బట్టి ఇస్తారవి. ప్లగ్గు తన వైఫై కోసం ఒక వాట్ తిన్నా నెలకి ముప్పావు యూనిట్ దాకా అవుతుంది. రోజూ గుర్తుపెట్టుకుని కట్టేసే అత్తగారున్న ఇంట్లో ఆ ప్లగ్గు ఆదా చేసేది ఏమీ లేదు. నేను కొన్నది నిద్ర, కరెంటు కాదు.

ఇప్పుడు మా ఏర్పాటు ఏమిటంటే, రాత్రి పడుకునే ముందు అత్తయ్య గోడ స్విచ్చు వేస్తారు, ప్లగ్గు ఆపి ఉంటుంది. నేను నాలుగింటికి వేస్తాను, అరగంటలో దానంతటదే ఆగిపోయేట్టు టైమర్ పెట్టాం. ఆ టైమర్ ఒకసారి పరీక్ష చేసుకో: గీజర్ వేసి, రౌటర్ కట్టేసి చూడు. నెట్ లేకపోయినా టైముకి ఆగితే మంచి ప్లగ్గు, ఆగకపోతే తిరిగి పంపించెయ్. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎలా ఉండాలని యాప్ అడుగుతుంది, 'ఆఫ్' అని పెట్టుకో. ఇంకో మాట, ఫోన్‌లో ఆఫ్ అని కనపడినా గీజర్ ఎర్ర లైటు వంక ఒకసారి చూడడం మానకు. లోపలి రిలే ముక్కలు లోడుకి అతుక్కుపోతే ఫోన్ ఒకటి చెబుతుంది, లైటు ఇంకొకటి చెబుతుంది. లైటునే నమ్ము. యాప్ ఇప్పుడు నా ఫోన్‌లోనూ ఆయన ఫోన్‌లోనూ మాత్రమే వేయడానికి ఉంది. బాబు ట్యాబ్‌లోంచి తీసేశాం. రౌటర్‌లో గెస్ట్ వైఫై అని విడిగా ఒకటి తీసి ప్లగ్గుని దాని మీద ఉంచాం, మన ఫోన్లూ లాప్‌టాప్‌లూ ఉన్నచోట దాన్ని ఎందుకు కూర్చోబెట్టడం.

వదినకి మాత్రం చూడ్డానికి ఉంచాం, వేయడానికి కాదు. మొదట అలిగింది. తర్వాత దానికో వేరే ప్రయోజనం కనిపెట్టింది. అత్తయ్య పొద్దున్నా సాయంత్రం దీపానికి ముందూ స్నానానికి వెళ్తూ స్విచ్చు కట్టేస్తారు కదా, వదిన ఫోన్‌లో 'ఆఫ్‌లైన్' అని వస్తుంది. అమ్మ బాగానే ఉందన్నమాట అనుకుంటుంది. ఒకరోజు అది రాకపోతే కంగారుపడి ఫోన్ చేసింది. ఈవిడ గ్యాసు మీద గిన్నెలో నీళ్ళు కాచుకుని, బకెట్లో చన్నీళ్ళతో తొరిపి పోసుకున్నారట. గీజర్ బాగానే ఉంది, మరెందుకలా చేశారని అడిగితే, "నా స్నానం సంగతి అమెరికా దాకా ఎందుకమ్మా రోజూ?" అన్నారు. ఆ మాట నేను వదినకి చెప్పలేదు. ఇప్పటికీ వారంలో ఒకటి రెండు రోజులు గ్యాసు మీదే కాచుకుంటారు. ఏ రోజు అన్నది ఆవిడ ఇష్టం.

ఇదిగో, ఇంత చెప్పేలోపు ఫోన్ టింగుమంది. 'గీజర్ ఆఫ్‌లైన్'. ఆరుంపావు. ఇవాళ గ్యాసు రోజు కాదన్నమాట. అక్కడ న్యూజెర్సీలో ముప్పావు తక్కువ ఎనిమిదై ఉంటుంది... కాదు కాదు, ఏడుముప్పావు. ఈ టైములు నాకెప్పుడూ తడబాటే. వదిన కాఫీ తాగుతూ ఇదే చూసుకుంటూ ఉంటుంది. ఉంటాను చెల్లీ, షిఫ్టుకి టైమైంది. ఆ 'టి' బొత్తాం నొక్కాక ఏమైందో మెసేజ్ పెట్టు.